పిల్లల నెత్తిన మన అప్పు పెట్టొద్దు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మోపిదేవికి చెందిన ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పిల్లల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు నేను వద్దన్నాను. పదో తరగతి చదివినదాన్ని, డాక్టర్ని కాదు, నేనేం చెబుతాను అన్నాను. "డాక్టరు చెబితే మనవాళ్ళు తలూపి ఇంటికెళ్ళిపోతారు, నువ్వు చెప్పు" అన్నారు అధ్యక్షురాలు గారు. సరే అన్నాను. శిక్షణల్లో విన్నవి, అడిగి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. మా ఇంట్లో జరిగింది కొంత చెబుతాను. మా ఇంటి సంగతి మా అమ్మాయిని అడిగే చెబుతున్నాను. "చెప్పమ్మా, నా పేరు మాత్రం చెప్పొద్దు" అంది. అందుకని చెప్పను. మీలో తెలిసినవాళ్ళు కూడా బయట అనొద్దు.

మన ఊరికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దేనికి? పిల్లల కోసం. పిల్లలు పుట్టాలని సుబ్రహ్మణ్యేశ్వర స్వామికి మొక్కుకుంటారు, పుట్టలో పాలు పోస్తారు. పుట్టాక వచ్చి పుట్టువెంట్రుకలు తీయిస్తారు, చెవులు కుట్టిస్తారు, అన్నప్రాసన చేస్తారు. చిన్నప్పుడు ఆ బిడ్డకు జలుబు చేస్తే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. అదే బిడ్డకు పద్నాలుగేళ్ళొచ్చి, అన్నం మానేసి మూల కూర్చుంటే మాత్రం "వయసు పొగరు" అంటాం. "ఫోను పిచ్చి" అంటాం. "పని చెబుతామని నాటకం" అంటాం.

ఆ వయసే అసలు జాగ్రత్తగా చూడాల్సిన వయసంట. 10 నుంచి 19 ఏళ్ళ వరకు కౌమారం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు లెక్క పెట్టారు. మనసుకు వచ్చే జబ్బుల్లో సగం 14 ఏళ్ళలోపే మొదలవుతాయని వాళ్ళే చెప్పారు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో జాతీయ సర్వే చేశారు. అందులో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో వందకు ఏడుగురికి మానసిక సమస్య ఉందని తేలింది. ఒక హైస్కూల్లో మూడొందల మంది ఉంటే ఇరవై మంది. ఆ ఇరవై మందిలో మన పిల్లలు లేరని ఎవరైనా గ్యారంటీగా చెప్పగలరా?

మనకి ఎందుకు తెలియదంటే, పిల్లలు వచ్చి "అమ్మా, నాకు డిప్రెషన్" అని చెప్పరు. కడుపునొప్పి అంటారు. తలనొప్పి అంటారు. స్కూలుకి వెళ్ళే టైముకి కళ్ళు తిరుగుతాయి. ఒకడు ఊరికే అరుస్తాడు, ఒకత్తి ఊరికే ఏడుస్తుంది. రాత్రి నిద్రపోరు, పగలు లేవరు. ఇష్టమైన ఆట మానేస్తారు, స్నేహితుల దగ్గరికి వెళ్ళరు. ఒక రోజు రెండు రోజులు ఎవరికైనా ఉంటుంది. రెండు వారాలు దాటినా అట్లాగే ఉంటే అది పొగరు కాదు, బాధ.

ఆ బాధకు మన భాషలోనే బోలెడు మాటలున్నాయి. బెంగ, దిగులు, గాభరా, గుండెదడ, మనసు బాగోలేదు. ఈ మాటలు అంటే ఎవరికీ సిగ్గు లేదు. "పిచ్చి", "మెంటల్" అన్నామంటే ఇక ఆ పిల్ల నోరు విప్పదు. ఆడపిల్ల అయితే సంబంధాలు రావని మనమే నోరు మూయిస్తాం. అందుకని ముందు మాట మార్చుకుందాం. "ఏంటమ్మా, బెంగగా ఉన్నావు?" అని అడిగితే పిల్ల జవాబు చెబుతుంది. "నీకేమన్నా పిచ్చా?" అంటే ఇక చెప్పేదేముంది?

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా పెద్దమ్మాయికి పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. విజయవాడలో హాస్టలున్న కాలేజీలో చేర్పించాం. ఫీజుకి స్త్రీనిధి అప్పు తీసుకున్నాను. చాలకపోతే సంఘంలో అంతర్గత అప్పు తీసుకున్నాను. హాస్టల్లో ఆదివారం ఒక్కసారి ఫోను ఇచ్చేవాళ్ళు, పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నేను అడిగేదేంటి? ఈ వారం టెస్టులో ఎన్నొచ్చాయి, పక్క పిల్లకెన్నొచ్చాయి. నేను చెప్పేదేంటి? ఈ నెల వాయిదా ఇట్లా కట్టాం, పసుపు రేటు పడిపోయింది, నాన్న పక్క పొలంలోకి కూలికి వెళ్తున్నాడు, "అంతా నీకోసమే కదమ్మా" అని. ప్రేమతోనే అన్నాను. కష్టం తెలిస్తే బాగా చదువుతుందనుకున్నాను. రెండు మూడు సార్లు "కడుపులో నొప్పిగా ఉంటోందమ్మా" అంది. "మెస్సు తిండి పడలేదేమో, మజ్జిగ తాగు" అన్నాను.

సంక్రాంతికి ఇంటికొచ్చింది. ముగ్గు వెయ్యలేదు. గొబ్బెమ్మల దగ్గరికి రాలేదు. తల దువ్వుకోదు. గోడవైపు తిరిగి పడుకునేది. రాత్రి రెండింటప్పుడు లేచి చూస్తే కళ్ళు తెరుచుకునే ఉండేది. నేను తిట్టాను. మా అత్తగారు దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోసింది. తగ్గలేదు. "రేపు నేను గుడికి తీసుకెళ్తా" అంది.

పొద్దున్నే ఇద్దరూ నడిచి వెళ్ళారు. పాలు పోసి, దణ్ణం పెట్టుకుని, నీడపట్టున కూర్చున్నారు. మా అత్తగారు పిల్లని ఏమీ అడగలేదు. తన సంగతి చెప్పింది. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకు పద్నాలుగేళ్ళు. నీళ్ళల్లో తమ్ముడి చెయ్యి పట్టుకునే ఉంది. జారిపోయింది. ఆ తర్వాత బియ్యం ఇచ్చారు, బట్టలిచ్చారు, ఇళ్ళు కట్టించారు. కానీ "నీకు రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?" అని ఏ ఒక్కరూ అడగలేదంట. ఇప్పటికీ గాలివాన వస్తే ఆవిడ మంచం మీద లేచి కూర్చుంటుంది. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ సంగతి నాకూ తెలియదు, మావయ్యగారికీ తెలియదు. "ఎవరికీ చెప్పలేదే, నీకే చెబుతున్నా" అందంట మనవరాలితో.

అప్పుడు మా అమ్మాయి ఏడ్చిందంట. "నానమ్మా, నేను ఫెయిలైతే అమ్మ ఆ అప్పు ఎట్లా కడుతుంది? నేనే లేకపోతే ఈ ఖర్చే ఉండేది కాదు కదా" అందంట.

అక్కా, చెల్లీ, ఆ మాట విన్నాక నేను చేసిన పని కూడా దాచకుండా చెబుతాను. పిల్లని దగ్గరికి తీసుకోలేదు. "ఇంత చేసినందుకు మాకు నువ్విచ్చేది ఇదా?" అని అరిచాను. భయంతోనే అరిచాను, కానీ అరిచాను. మా అత్తగారు నన్ను చెయ్యి పట్టుకుని బయట నిలబెట్టి, "నువ్వు కాసేపు నోరు మూసుకో" అంది. పెళ్ళైనాక ఆవిడ నన్ను ఆ మాట అనడం అదే మొదలు. ఆ రోజు ఆవిడ అనకపోతే ఏమయ్యేదో.

మా వీధి ఆశా కార్యకర్త 14416 నంబరు ఇచ్చింది. టెలి మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10 నుంచి నడుపుతోంది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రే చేశాం. పిల్లతో అరగంట మాట్లాడారు, నాతోనూ మాట్లాడారు. ఒంటరిగా వదలొద్దు, డాక్టరుకి చూపించండి అన్నారు. బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మా ఆయన "అక్కడ మనల్ని ఎవరన్నా చూస్తే?" అన్నాడు. చూసినవాళ్ళకి కడుపునొప్పి అని చెప్పాం. అబద్ధం కూడా కాదు, నొప్పి ఉంది కదా. డాక్టరు గారు ముందు రక్తపరీక్ష రాశారు. రక్తం తక్కువగా ఉంది. మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం లేకపోయినా నీరసం, విసుగు, దిగులు వస్తాయంట. స్కూల్లో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రని పిల్లలు కిటికీలోంచి పారేస్తుంటే మనం నవ్వుతాం. నవ్వకూడదు.

కొన్ని నెలలు వెళ్ళొచ్చాం. కొన్ని రోజులు మందులు, ఎక్కువ రోజులు మాటలు. హాస్టలు మాన్పించి దగ్గర కాలేజీలో వేశాం, రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. ఆ ఏడు ఒక సబ్జెక్టు పోయింది. సప్లిమెంటరీలో కట్టి పాసైంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ అప్పు ఇంకా కొన్ని వాయిదాలుంది. కడతాం. అప్పు ఎప్పటికైనా తీరుతుంది. పిల్ల పోతే ఏ బ్యాంకు ఇస్తుంది?

ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే ఈ మైకు ముందు నిలబడేదాన్ని కాదు. మన సంఘాల్లో అప్పు తీసుకున్నవాళ్ళని చూడండి. గేదెలకి, అరటి తోటకి, కుట్టుమిషనుకి, ఇంటికి, తర్వాత పిల్లల చదువుకి. చదువుకి తీసుకోవడం తప్పు కాదు, అంతకంటే మంచి ఖర్చు ఏముంది? కానీ గేదెకి తీసుకున్న అప్పు గేదెకి చెప్పం. పిల్లలకి మాత్రం రోజూ చెబుతాం. వాయిదా మనం కడుతున్నామనుకుంటాం. ఆ పిల్ల హాస్టలు గదిలో కూర్చుని ప్రతి టెస్టులోనూ తనూ ఒక వాయిదా కడుతోంది. మార్కులు తగ్గితే బాకీ పడ్డాననుకుంటోంది.

మన సమావేశాలు కూడా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొదుపు డబ్బులు లెక్కపెడుతూనే "మీ వాడికెన్నొచ్చాయి?" "మీ పిల్లకి ఇంకా సంబంధం చూడలేదా?" "ఫలానా వాళ్ళ అమ్మాయి ఫోన్లో మాట్లాడుతోందంట." ఆ మాటలు సాయంత్రానికి ఇంటికి చేరతాయి. ఇంట్లో పిల్లకి దెబ్బలవుతాయి. పిల్లల బాధల్లో కొన్ని మన సంఘం చాప మీదే మొదలవుతున్నాయి. నేనూ ఆ చాప మీద కూర్చునే మాట్లాడాను, అందుకే చెబుతున్నాను.

మరి మందు కూడా మన దగ్గరే ఉందని చెప్పడానికి ఒక దేశం సంగతి చెబుతాను. ఆఫ్రికాలో జింబాబ్వే అని ఉంది. అంత దేశానికి మనసు డాక్టర్లు పదీ పన్నెండు మంది ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన డాక్టర్ డిక్సన్ చిబాండా. ఆయన దగ్గర వైద్యం చేయించుకునే ఒక అమ్మాయి బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేక చనిపోయింది. ఆయన చాలా బాధపడి, డాక్టర్లు లేకపోతే ఇంకెవరున్నారని వెతికాడు. ఊళ్ళో అమ్మమ్మలున్నారు. 2006లో పద్నాలుగు మంది పెద్దావిడలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెట్టుకింద బెంచీల మీద కూర్చోబెట్టాడు. ఆ బెంచీకి మొదట మానసిక ఆరోగ్యం బెంచీ అని పేరు పెట్టాడు. ఎవరూ రాలేదు. "ఆ పేరుంటే ఎవరొస్తారు బాబూ, స్నేహం బెంచీ అని పెట్టు" అని ఆ అమ్మమ్మలే చెప్పారు. పెట్టాడు, జనం వచ్చారు. వాళ్ళ భాషలో ఈ బాధకు "ఆలోచనలు ఎక్కువైపోవడం" అనే అర్థం వచ్చే మాట ఉందంట. డాక్టరు మాట వదిలి ఆ మాటే వాడారు. వాళ్ళ పని మీద పరీక్ష చేసి చూశారు, 2016లో ఫలితం వచ్చింది. బెంచీ మీద మాట్లాడినవాళ్ళకి ఆరు నెలల తర్వాత బాధ బాగా తగ్గింది.

నేను ఇది విన్నప్పుడు మా అత్తగారే గుర్తొచ్చింది. ఆవిడకు ఏ శిక్షణా లేదు. ఆవిడ చేసింది మూడే పనులు. పక్కన కూర్చుంది, ముందు తన బాధ చెప్పింది, విన్నదాన్ని దాచకుండా ఇంట్లోవాళ్ళకి చెప్పి సాయం తెచ్చింది. మనకి బెంచీలు అక్కర్లేదు, అరుగులుండేవి. ఇళ్ళు కట్టుకుంటూ అరుగులు తీసేశాం. ముసలమ్మల్ని వెనక వరండాలో పెట్టాం, పిల్లల్ని ఫోను ముందు పెట్టాం. ఇద్దరికీ తోడు లేదు.

ఇక్కడ గుడి సంగతి కూడా చెప్పుకోవాలి. శిక్షణకు వచ్చే కొంతమంది, దిష్టి, తాయెత్తు, పుట్టలో పాలు, ఇవన్నీ మూఢనమ్మకాలు మానేయండి అని మొదలుపెడతారు. అట్లా అన్నారంటే మన పెద్దవాళ్ళు ఇక వాళ్ళ రెండో మాట వినరు. నేను అట్లా అనను. గుడికి వెళ్ళండి. పిల్లకి ధైర్యం వస్తుంది, నడక అవుతుంది, మాట కలుస్తుంది. మసీదుకి వెళ్ళేవాళ్ళు మసీదుకి, చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చికి వెళ్ళండి. కానీ గుడికి వెళ్ళి డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడం మాత్రం వద్దు. కాలు విరిగితే స్వామికి మొక్కుకుంటాం, కట్టు కూడా కట్టిస్తాం. మనసుకీ అంతే. గాలి సోకిందని కొట్టేవాళ్ళ దగ్గరికి, గదిలో పెట్టి తాళం వేయమనేవాళ్ళ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. దేవుడు కొట్టమని ఎక్కడా చెప్పలేదు.

మన ఆచారాల్లో కూడా మంచి ఉంది, మనం దాన్ని పాడుచేసుకున్నాం. ఆడపిల్ల పెద్దమనిషైతే చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, అమ్మమ్మలు, పిన్నులు, మేనత్తలు చుట్టూ చేరేవాళ్ళు. ఒళ్ళు ఎట్లా మారుతుంది, ఏం జాగ్రత్త పడాలి, ఆ కూర్చున్న రోజుల్లోనే చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఫ్లెక్సీ వేసి, ఆ పిల్ల ఫోటో రోడ్డు మీద కట్టి, డీజే పెట్టి, చదివింపులు రాసుకుని ముగిస్తున్నాం. సోమవారం స్కూలుకి వెళ్తే మగపిల్లలు ఆ ఫ్లెక్సీ చూసి నవ్వుతారు. ఆ పిల్లకి ఎట్లా ఉంటుందో ఎవరు అడిగారు? ఫంక్షను చేయొద్దు అనను. ఫ్లెక్సీ మానేసి, ఆ చాప దగ్గర కూర్చుని మాట్లాడటం మళ్ళీ మొదలుపెడదాం.

మగపిల్లల సంగతి ఇంకా వెనకబడి ఉంది. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అని మూడేళ్ళప్పుడే మొదలుపెడతాం. ఏడుపు ఆగదు, లోపలికి పోతుంది. తర్వాత కోపంగా వస్తుంది, మందుగా వస్తుంది, ఫోన్లో పందేలుగా వస్తుంది. గంజాయి మాట కూడా వింటున్నాం. దానికి ప్రభుత్వం 1972 నంబరు పెట్టింది. పిల్లాడు తండ్రితో మాట్లాడడు, మేనమామతో మాట్లాడతాడు. మేనమామని పిలవండి. పొలానికో చెరువుకో వెంటబెట్టుకుని వెళ్ళమనండి. మగపిల్లలు ఎదురుగా కూర్చుని చెప్పరు, పక్కన పని చేస్తూ చెబుతారు.

ఇంకోటి, ఆడపిల్లల్ని మనం బెదిరించే మాట. "ఫెయిలయ్యావంటే పెళ్ళి చేసి పంపించేస్తా." జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు 29 మందికి 18 నిండకముందే పెళ్ళైంది. కాబట్టి ఆ మాట పిల్లకి బెదిరింపుగా వినపడదు, నిజంగానే వినపడుతుంది. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం బదులు పెళ్ళిపీటలు కనపడతాయి. 18 నిండకుండా పెళ్ళి చట్టప్రకారం నేరం. ఆపాలంటే 1098కి చెప్పొచ్చు. పెళ్ళిని శిక్షగా వాడే మాట ఈ రోజుతో మానేద్దాం.

ఇప్పుడు ఫలితాల సంగతి. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులున్నాయని గొడవైంది. 99 రావాల్సిన పిల్లకి సున్నా వేశారు. ఫెయిలైనవాళ్ళ పేపర్లన్నీ మళ్ళీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అంటే మనం దేవుడి రాత అనుకునే మార్కు ఒక మనిషి చేతిలోనో, ఒక కంప్యూటర్లోనో తప్పుగా పడొచ్చు. తప్పు పడకపోయినా, నిజంగా ఫెయిలైనా, అది ఒక సబ్జెక్టే. సప్లిమెంటరీ పరీక్ష ఉంది, మళ్ళీ దిద్దించుకునే అవకాశం ఉంది, ఓపెన్ స్కూలు ఉంది. ఫలితాలు రాకముందే ఈ దారులన్నీ పిల్లకి చెప్పాలి. వచ్చాక చెబితే చెవికెక్కదు. "పాసైతే పులిహోర చేస్తా, ఫెయిలైనా చేస్తా" అని ముందురోజే చెప్పండి. ఆ వారం పిల్లని ఒంటరిగా ఉంచొద్దు.

కాలేజీలను కూడా అడగాలి. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. వంద మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఒకరైనా ఉండాలని అందులో ఉంది. మార్కులను బట్టి పిల్లలను వేరే సెక్షన్లుగా విడగొట్టడం, అందరిముందూ అవమానించడం మానాలని ఉంది. ఫీజు కట్టేటప్పుడు రసీదు అడుగుతాం కదా, అట్లాగే "కౌన్సెలరు ఎవరండీ, ఏ రోజు ఉంటారు?" అని అడుగుదాం. ఒక్కదాన్ని అడిగితే పట్టించుకోరు. పది మంది డ్వాక్రా తల్లులు కలిసి అడిగితే వింటారు. బ్యాంకు మేనేజరు దగ్గర మనం నేర్చుకున్నది అదే కదా.

ఒక కష్టమైన మాట. పిల్ల "నేనెందుకు బతకాలి" అంటే మనం "ఛీ, అవేం మాటలు" అని నోరు మూయిస్తాం. అడిగితే లేని ఆలోచన వస్తుందని భయం. అట్లా రాదని డాక్టర్లు చెబుతున్నారు. నెమ్మదిగా, నేరుగా అడగాలి. "చనిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని అడగాలి. అవునంటే తిట్టొద్దు, ఏడవొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. పక్కనే ఉండి, 14416కి చెయ్యాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో కొంతమంది ఆసుపత్రికి తీసుకెళ్ళరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని, శిక్షించకూడదని చెప్పింది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత సెక్షనే లేదు. ప్రాణం ముందు, మిగతావి తర్వాత.

మనది వ్యవసాయం ఊరు. అరటికి, పసుపుకి, వరికి కొట్టే మందులు వంటింటి గూట్లోనో మంచం కిందో పెడతాం. అది మానాలి. పొలం దగ్గర తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గర ఉంచాలి. సీసా మిగలకుండా కావలసినంతే కొనాలి. ఆ బాధ తీవ్రంగా ఉండే సమయం చాలాసార్లు కొద్దిసేపే. ఆ కొద్దిసేపు చేతికి అందకపోతే ప్రాణం నిలబడుతుంది. శ్రీలంకలో బాగా విషమున్న పురుగుమందులను వరసగా నిషేధించాక ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. అక్కడ దేశం చేసిన పని, ఇక్కడ మన ఇంట్లో ఒక తాళం చేస్తుంది.

చివరిగా, మన సంఘాలు ఏం చెయ్యాలో చెప్పి కూర్చుంటాను. మా గ్రామ సంఘంలో వీటి మీద తీర్మానం చేశాం. ఆరు నెలలుగా చేస్తున్నాం. అన్నీ సరిగ్గా జరగడం లేదు, అదీ చెబుతాను.

మొదటిది, చదువు అప్పు ఇచ్చేటప్పుడు ఆ తల్లిని ఒక మాట అడుగుతున్నాం. "ఈ చదువు పిల్లకి ఇష్టమేనా? ఆ పిల్లని అడిగావా?" వాయిదా సంగతి పిల్ల ముందు ఎత్తనని కూడా మాట తీసుకుంటున్నాం. ఇది అందరూ ఒప్పుకున్నారు, సగం మందే పాటిస్తున్నారు. నేను కూడా ఒకసారి నోరు జారాను.

రెండోది, సమావేశంలో మార్కుల మాట, ఆడపిల్లల మీద గుసగుసలు బంద్. ఎవరన్నా మొదలుపెడితే లీడరు ఆపాలి. ఇది కష్టంగా ఉంది కానీ తగ్గింది.

మూడోది, వీధికి ఒక పెద్దావిడని అనుకున్నాం. నోరు మంచిది, రహస్యం దాచేది, పిల్లలు ఇష్టపడేది అయి ఉండాలి. సాయంత్రం ఆవిడ ఇంటి ముందు పిల్లలు చేరొచ్చు. ప్రాణానికి ముప్పున్న మాట తప్ప విన్నది ఎవరికీ చెప్పకూడదు. ముప్పున్న మాట మాత్రం వెంటనే చెప్పాలి. మొదటి నెలలో ఒక్క పిల్ల కూడా రాలేదు. ఆవిడ జంతికలు చేయడం మొదలుపెట్టాక వస్తున్నారు.

నాలుగోది, ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే దారిఖర్చుకి సంఘం నుంచి చేబదులు. ఎందుకని అడగం. మినిట్స్ పుస్తకంలో "వైద్యం" అని మాత్రమే రాస్తాం. మనం అన్నీ పుస్తకంలో రాయడం నేర్చుకున్నాం, మంచిదే. కానీ పిల్లల మనసు సంగతి మాత్రం పుస్తకంలో రాయొద్దు. బస్సు ఛార్జీ లేక ఏ పిల్లా ఇంట్లో ఉండిపోకూడదు.

ఐదోది, ప్రతి సభ్యురాలి పొదుపు పుస్తకం మొదటి పేజీలో 14416 రాయించాం. వేలిముద్ర వేసే అక్కలకి వాళ్ళ పిల్లల చేతే రాయించాం. రాస్తూ "ఇదేం నంబరు?" అని పిల్లలు అడుగుతారు. మాట అక్కడ మొదలవుతుంది.

ఈ ఐదూ చేయడానికి సర్కారు డబ్బు అక్కర్లేదు. నెలకి పదీ పాతికా దాచుకుంటూ మొదలుపెట్టినవాళ్ళం మనం. ఒక్కసారిగా లక్ష వేస్తే పొదుపు కాదు, మానకుండా కొంచెం కొంచెం వేస్తేనే పొదుపు. పిల్లలతో మాట కూడా అంతే. కష్టం వచ్చిన రోజు మూడు గంటలు కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. రోజూ పది నిమిషాలు, మార్కులూ డబ్బూ లేని పది నిమిషాలు, మాట్లాడితే ఆ రోజున వాళ్ళే వచ్చి చెబుతారు.

పోయిన ఆదివారం మా అమ్మాయి, మా అత్తగారు మళ్ళీ గుడికి వెళ్ళారు. నేనూ వస్తానన్నాను. "నువ్వొస్తే వాయిదా మాటెత్తుతావు" అని నవ్వింది మా అమ్మాయి. ఎత్తనన్నాను. తీసుకెళ్ళారు.

ఈరోజు ఇంటికెళ్ళాక, అన్నం వండకముందు, మీ పిల్లల పక్కన కూర్చోండి. ఏమీ అడగొద్దు. మీ పద్నాలుగేళ్ళప్పటి సంగతి ఒకటి చెప్పండి.